తెగాల్సిన పోగులు

రాములమ్మ మగ్గం మీద పోగు తెగిందంటే ఇంట్లో మాటలు ఆగిపోతాయి. రేడియో మోగుతుంటే ఎవరో ఒకరు గొంతు తగ్గిస్తారు. ఆమె వంగి, కళ్లు చిట్లించి, తెగిన కొసను వెతికి పట్టుకుని, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని ముడేస్తుంది. ముడి పడ్డాక "ఊఁ" అంటుంది. అప్పుడు మళ్లీ ఎవరి మాటలు వాళ్లవి. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఆ ఇంట పుట్టి పెరిగిన ఆమె కొడుకు మునిచంద్రకు ముప్పై ఆరేళ్లు వచ్చినా, క్లాసులో చాక్‌పీసు పుటుక్కున విరిగితే మాట మధ్యలో ఆగిపోయేవాడు. పిల్లలు నవ్వుకునేవారు. ఎందుకు ఆగాడో అతనికే తెలిసేది కాదు.

అతను అంగళ్లు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. నీళ్లూ గాలీ ఎలా పారతాయో చెప్పే పాఠం అతనిది. తొంభైలలో బెంగళూరులో ఎం.టెక్. చదివాడు. తండ్రి పోయాక తల్లి మగ్గం దిగనని పట్టుబట్టడంతో, అక్కడ వస్తుందన్న ఉద్యోగం వదులుకుని తిరిగొచ్చేశాడు. అందుకు బాధపడిన వాడు కాదు. పొద్దున కాలేజీ బస్సు ఎక్కేముందు రాట్నం ముందు కూర్చుని తల్లికి నూలు కండెలు చుట్టిపెట్టేవాడు. ఆమె అడగలేదు, అతను మానలేదు. కాకపోతే ఎం.టెక్. రోజుల్లో లైబ్రరీలో చదివిన ఒక సంగతి అతని వెంటే వచ్చింది. అది మాత్రం అతన్ని వదల్లేదు.

పారే నీటికీ దాని కింది నేలకూ రాపిడి ఉంటుంది. నీళ్లు ఒద్దికగా పారినంతసేపు అది తక్కువే. వేగం పెరిగి సుడులు పుట్టాయా, రాపిడి ఒక్కసారిగా పెరుగుతుంది. నేలను అంటుకున్న పలుచటి పొరలో నీళ్లు పోగులు పోగులుగా సాగుతాయి. ఒక పోగు నిదానం, పక్క పోగు జోరు. వాటి మీద సన్నటి సుడులు పొర్లుతూ నిదానపు నీటిని పైకి లేపుతాయి, జోరు నీటిని నేలకేసి కొడతాయి. ఆ కొట్టుడే రాపిడి. ఊరూరికీ పైపుల్లో నీళ్లు తోసే మోటార్లు దాంతోనే పోట్లాడుతుంటాయి. మరి నేలనే నీటి దారికి అడ్డంగా అటూ ఇటూ ఆడిస్తే? పోగులకూ పైనున్న సుడులకూ పొత్తు చెడుతుంది, రాపిడి తగ్గుతుంది. కొందరు దీన్ని లెక్కకట్టారు, కొందరు కొలిచారు కూడా. స్థిరంగా ఉన్న నేలకన్నా ఊగే నేలకు రాపిడి తక్కువంటే మునిచంద్ర మొదట నవ్వాడు. రెండోసారి చదివినప్పుడు నవ్వలేదు.

రెండువేల నాలుగులో బెంగళూరులో ఒక సదస్సుకు వెళ్లినప్పుడు ప్రొఫెసర్ వెంకటరమణతో ఈ మాట కదిలింది. ఆయన ఆ విద్యలోనే జుట్టు నెరిసినవారు. పరిశోధన చెయ్యాలని ఉందనీ, ఊరు వదిలి రాలేననీ మునిచంద్ర చెప్పాడు. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"మీ కాలేజీలోనే ఒక చిన్న నీళ్ల కాలువ కట్టండి. రాపిడి తగ్గడం అందులో నాకు చూపించండి. చూపిస్తే మిమ్మల్ని పీహెచ్‌డీకి నా కింద చేర్చుకుంటాను, మీరు మదనపల్లెలోనే ఉండి చేసుకోవచ్చు. చూపించలేకపోతే ఇంతే. నేను రిటైరవబోతున్నాను, కొత్తవాళ్లను తీసుకోవడం ఇదే ఆఖరు."

బస్సులో తిరిగొస్తూ మునిచంద్ర టికెట్ వెనక కాలువ బొమ్మ గీశాడు.

కాలువ అడుగు కదలకూడదు, వంగకూడదు. దానికి రాయి కావాలని కుప్పం వెళ్లాడు. పాలిష్ కార్ఖానాలో అంచు విరిగిన గ్రానైట్ పలక ఒకటి గోడకు ఆనించి ఉంది.

"వంటింటి గట్టుకా సార్?" అన్నాడు అక్కడి మేస్త్రీ.

"కాలవకి."

"కాలవకి పాలిష్ రాయా! మా ఊర్లో మనుషులకే మట్టి రోడ్డుండాది గదా సార్."

అయినా పలకను బొంత చుట్టి జాగ్రత్తగా ఎక్కించి పంపాడు. ఆ రాతి మధ్యలో చదరంగా ఒక ఖాళీ వదిలి, అందులో సన్నటి అల్యూమినియం రేకును అమర్చాలి. రేకు అడ్డంగా ఆడాలి. అంతేకాక, నీళ్లు దాన్ని ముందుకు లాగే లాగుడును కొలవాలి. ఆ లాగుడు మూడు గ్రాముల బరువుకు మించదు. రేకును సన్నటి ఉక్కు పట్టీల మీద నిలిపి, పట్టీకి చిన్న అద్దం అతికించి, అద్దం మీద లేజరు లైటు వెయ్యాలనుకున్నాడు. పుంగనూరు గంగమ్మ జాతరలో పిల్లకాయలు ఒకరి మొహం మీద ఒకరు వేసుకుని ఆడుకునే ఎర్రలైటే అది. రేకు వెంట్రుకవాసి జరిగినా ఎదుటి గోడమీద ఎర్ర చుక్క జానెడు జరుగుతుంది.

రేకును ఆడించే యంత్రం పని పుంగనూరులో సుభాన్‌కు అప్పజెప్పాడు. సుభాన్ది లేతు మిషను షాపు. మదనపల్లె చుట్టుపక్కల మరమగ్గాలు ఎక్కడ ఆగినా అతనికే కబురు వెళ్తుంది. మునిచంద్ర కంటే కాస్త పెద్దవాడు. మాట పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

షాపులో స్టూలు మీద కూర్చుని మునిచంద్ర వివరించాడు. "నీళ్లు ఇట్ల పోతాండాయి భాయ్. పడుగు అనుకో. దాని అడుగున రేకు ఆడల్ల."

"ఎట్ల ఆడల్ల?"

కాలేజీలో తను నిలబడే చోటు మునిచంద్ర కళ్లముందు కదిలింది. కాలువ పక్కన నిలబడితే నీళ్లు ఎడమనుంచి కుడికి పోతాయి. రేకు తనవైపు వచ్చి వెనక్కి పోవాలి. ఇంట్లో మగ్గం మీద కూర్చున్నప్పుడు తనవైపు వచ్చి పోయేది ఏది? నేసిన పోగును ముందుకు గుద్దే పలక.

"మగ్గం పలక మాదిరి" అన్నాడు. "మనకల్లా వచ్చి, ఎనక్కి పోవల్ల. సెకనుకొక తూరి."

"అదా! కండ్లు మూసుకుని సేస్తా" అన్నాడు సుభాన్.

కళ్లు మూసుకునే చేశాడేమో అనిపించేంత త్వరగా చేశాడు. ఒక ఆదివారం మోటారు, చక్రం, కడ్డీ అన్నీ ఆటోలో వేసుకొచ్చి స్వయంగా బిగించాడు. ప్రొఫెసర్ వచ్చేది ఆ పై శనివారం. నీళ్లు వదిలారు. ఎర్ర చుక్క గోడమీద జానెడు జరిగి నిలిచింది. మోటారు వేశారు. చుక్క గోడ ఈ కొసనుంచి ఆ కొసకు తాడు తెంచుకున్న దూడలా గంతులేసింది.

మునిచంద్ర వంగి చూశాడు. రేకు నీళ్ల వెంట ముందుకూ వెనక్కీ పోతోంది.

"అడ్డంగా కదా భాయ్ ఆడాల్సింది! పొడుగునా ఆడతాండాది!"

"నువ్వు సెప్పిందే సేసినా."

"నేనా?"

"నీళ్లు పడుగు అంటివా లేదా? మగ్గం పలక మాదిరి అంటివా లేదా? పడుగు యాడికి పోతే పలకా ఆడికే పోతాది. ఇరవై ఏండ్లుగా మగ్గాలు బాగుచేస్తాండా, పలక అడ్డంగా పోయే మగ్గం యాడా సూళ్లేదప్పా. సాలోళ్ల ఇంట్లో పుట్టి నువ్వేమన్నా సూసింటే సెప్పు."

సుభాన్ చెప్పింది అక్షరాలా నిజం. తను చెప్పిందీ నిజమే. తను, పడుగు ఎదురుగా వచ్చే నేతగాడి చోటునుంచి చెప్పాడు, కానీ ఆ కాలువ దగ్గర నేతగాడి చోటులో లేడు. మగ్గాన్ని పక్కనుంచి చూసే మనిషి చోటులో ఉన్నాడు. సుభాన్ ఎప్పుడూ మగ్గాన్ని పక్కనుంచే చూస్తాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పేసరికి రాములమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "నాడె మాదిరి అని ఒక్క మాట సెప్పుంటే అయిపోయేది గదరా! పడుగుకి అడ్డం పడి ఆ పక్కకీ ఈ పక్కకీ ఉరికేది అదే గదా. ఇంత సదివిచ్చినా నాడె గురుతు రాలేదే నీకు. దాంట్లో పెట్టే కండెలు సుట్టీ సుట్టీ ఏమి లాభం!"

"మాంసం కూర ఉండాదా అత్తా?" అని అడిగాడు సుభాన్. "నాదేం తప్పు లేదని తేలింది గదా."

"ఈరోజు చిక్కుడుకాయే. తప్పు లేనోళ్లకి రెండు గరిటెలు."

మోటారును పక్కకు తిప్పడం ఒకరోజు పనే. కానీ కడ్డీ ఇప్పుడు కాలువ పక్క గోడలోంచి దూరాలి. బెజ్జం వేస్తే నీళ్లు కారతాయి. సుభాన్ లారీ ట్యూబు ముక్క కోసి, చొక్కా చెయ్యిలా కడ్డీకి తొడిగి, రెండు కొసలా తీగతో బిగించాడు. చుక్క నీరు కారలేదు. గురువారం సాయంత్రానికి రేకు నాడెలా అడ్డంగా, మెత్తగా ఆడింది. గోడమీద చుక్క వెనక్కి జరిగింది. చూసుకోవడానికి అంతకుమించి సమయం దొరకలేదు. శుక్రవారమంతా కాలేజీలో పరీక్షలు.

శనివారం పొద్దున్నే మునిచంద్ర అద్దె కారులో కుప్పం స్టేషనుకు వెళ్లాడు. వెంకటరమణ గారు చేతిసంచితో బెంగళూరు బండి దిగారు. పుంగనూరులో సుభాన్ ఎక్కాడు, ఉతికిన చొక్కాతో, అత్తరు వాసనతో. దారి పొడుగునా పలక, నాడె కథ అతనే చెప్పాడు. పుంగనూరులో మొదలైన పెద్దాయన నవ్వు ఇంకో ఊరు దాటాక గానీ ఆగలేదు.

"సార్, ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దు" అన్నాడు సుభాన్. "రేకు ఆడితే రాపిడి తగ్గి కరెంటు మిగల్తాదంట. మరి రేకుని ఆడించే మోటారు కరెంటు తినదా?"

"తింటుంది. ఇప్పటికైతే మిగిలేదానికన్నా ఎక్కువే తింటుంది."

"అట్లయితే యాల సార్ ఇదంతా?"

"రాపిడి ఎందుకు తగ్గుతుందో సరిగ్గా తెలిస్తే, తక్కువ తిని ఎక్కువ మిగిల్చే దారి దొరకొచ్చు. దొరక్కపోనూ వచ్చు."

"దొరకల్ల" అన్నాడు సుభాన్, తనే చూసుకుంటానన్నట్టు.

ల్యాబులో కిటికీలు మూసి, నీళ్లు వదిలారు. ఎర్ర చుక్క జానెడు జరిగి ఆగింది. మునిచంద్ర పెన్సిలుతో గుర్తు పెట్టాడు. మోటారు వేశాడు. రేకు టక్, టక్ అని ఆడసాగింది. చుక్క వణికింది. మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టి, నాలుగు వేళ్ల మేర వచ్చి నిలిచింది. జానెడులో మూడో వంతు.

"అల్లా!" అన్నాడు సుభాన్.

వెంకటరమణ గారు తల ఊపారు. ఎవరో టీ తెచ్చిపెట్టారు. ఆయన గ్లాసు అందుకుని గోడమీది చుక్కను చూస్తూ ఊదుకుంటూ తాగుతున్నారు. మునిచంద్ర తన గ్లాసు ముట్టుకోలేదు. ఇన్నేళ్లుగా కోరుకున్నది ఎదుటి గోడమీద ఉంది. పెద్దాయన ఒక్క మాట అంటే అయిపోయినట్టే. అయినా చెవిలో ఆ టక్ టక్ మధ్య ఇంకేదో చిన్న చప్పుడు వినిపిస్తోంది. రబ్బరు మూలుగుతున్నట్టు.

ఇంట్లో కొత్త పడుగు ఎక్కించేముందు తల్లి ఉత్త మగ్గాన్ని కాసేపు తొక్కుతుంది. ఏ కొయ్య మూలుగుతుందో, ఏ తాడు ఒక పక్కకు లాగుతుందో నూలు లేనప్పుడే తెలుస్తుందంటుంది. అలా తొక్కనిదే ఆమె ఒక్క పోగు కూడా ఎక్కించగా చూడలేదు. గురువారం నాటి ఆత్రంలో తను ఆ పని చెయ్యలేదు.

"సార్" అన్నాడు. "నీళ్లు ఆపేసి ఒకసారి ఉత్తగా ఆడిస్తాను."

సుభాన్ అతని మోచేయి పట్టుకుని, "బాగానే ఉండాది గదప్పా, యాల కెలుకుతావు!" అని గొణిగాడు.

నీళ్లు ఆపారు. కాలువ నిండా కదలని నీళ్లు. లాగేది ఏదీ లేదు. చుక్క తన మొదటి చోటికి వచ్చి నిలిచింది. మోటారు వేశాడు. పారే నీరే లేనప్పుడు చుక్క అక్కడే ఉండాలి. ఉండలేదు. రెండు వేళ్లు వెనక్కి జరిగింది.

నాలుగు వేళ్లలో రెండు వేళ్లు అబద్ధం.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. పోగు తెగినప్పటి మౌనమే అది. మునిచంద్ర మోటారు ఆపి మోకాళ్ల మీద కూర్చున్నాడు. సుభాన్ అప్పటికే నేలమీద పడుకుని బెజ్జం దగ్గర తల పెట్టి చూస్తున్నాడు.

"ట్యూబు మెలి పడిండాది. బిగించేటప్పుడు తిరిగినట్టుంది. కడ్డీ ఆడినప్పుడంతా రేకుని ఎనక్కి గుంజుతాండాది." గొంతులో మునుపటి జోరు లేదు. "ఇది మాత్రం నా తప్పే. ఈరోజు అత్త ఒక్క గరిటే ఏస్తాది."

తీగ విప్పి, ట్యూబు మెలి తీసి, మళ్లీ బిగించారు. ఉత్తగా ఆడించారు. చుక్క కదల్లేదు. ఇంకోసారి ఆడించారు. కదల్లేదు. అప్పుడు నీళ్లు వదిలారు. చుక్క జానెడు జరిగింది. మోటారు వేశాక మునిచంద్ర గోడవైపు చూడలేకపోయాడు. మిగిలేది సున్నా అయితే ఇంక పెద్దాయన్ని కుప్పంలో బండి ఎక్కించడమే.

"రెండు వేళ్లు" అన్నారు వెంకటరమణ గారు. గోడ దగ్గరకు వెళ్లి తన వేళ్లే ఆనించి చూశారు. "ఆరో వంతు. మీ రేకు పొట్టిది, ఇంతకన్నా రాదు. ఇందాక నాలుగు వేళ్లు వచ్చినప్పుడే నాకు అనుమానం."

"మరి సెప్పలేదే సార్!" అన్నాడు సుభాన్.

"టీ అయ్యాక నీళ్లు ఆపమందామనుకున్నాను. ఈయన నాకన్నా ముందే ఆపారు. టీ సగంలోనే చల్లారింది." ఆయన మునిచంద్ర వైపు తిరిగారు. "సోమవారం అప్లికేషను పంపండి. ఆ రబ్బరు తీసేసి మంచి ఏర్పాటు చెయ్యండి. అది చేసేదాకా ఏదీ రాయొద్దు."

"అట్లాగే సార్" అన్నాడు మునిచంద్ర. చల్లారిన తన టీని ఒక్క గుక్కలో తాగేశాడు.

ఆ తర్వాతి సంవత్సరాలు పెద్దగా చెప్పుకునేవి కావు. పొద్దున కండెలు, పగలు పాఠాలు, సాయంత్రం కాలువ. రేకు మరీ నిదానంగా ఆడితే లాభం లేదనీ, మరీ త్వరగా ఆడినా లాభం తగ్గుతుందనీ తన కాలువలోనే చూసుకున్నాడు. సుభాన్ రబ్బరు తీసేసి ఇత్తడితో చేసిన అమరిక ఒక్కసారి కూడా తప్పు చూపలేదు. కాలేజీ పిల్లలు ఆ గదికి నాడె రూమ్ అని పేరు పెట్టారు. పెళ్లిచూపుల్లో ఏమి చేస్తుంటారని శ్వేత అడిగితే, మునిచంద్ర ఆ గది గురించే అంత సేపూ చెప్పాడట. అయినా ఆమె ఒప్పుకుంది.

పట్టా చేతికి రాకముందే ఒకరోజు రాములమ్మ, కోడలిని వెంటబెట్టుకుని, కాలువను చూడ్డానికి వచ్చింది. నీళ్లు పారుతున్నాయి గానీ రేకు ఆడటం లేదు. మునిచంద్ర నేల దగ్గర సన్నటి గొట్టంలోంచి నీలం రంగు వదిలాడు. రంగు నీళ్లలో కలిసిపోకుండా, నేలను ఆనుకుని, పక్కపక్కనే పొడుగాటి గీతలుగా సాగింది.

రాములమ్మ వంగి, కళ్లు చిట్లించి చూసింది. "అబ్బ! పడుగే గదరా!"

"అట్లే ఉంటాదమ్మా. ఇప్పుడు సూడు."

మోటారు వేశాడు. రేకు అడ్డంగా ఆడింది. నీలం గీతలు వణికి, వంకరపోయి, ఒక్కొక్కటే పుటుక్కుమన్నట్టు తెగిపోయాయి. రాములమ్మ చెయ్యి చప్పున గాల్లోకి లేచి కొసకోసం వెతుక్కుంది. మునిచంద్ర మాట ఆగిపోయింది. ఏమీ తెలియకపోయినా శ్వేత కూడా మాట్లాడలేదు.

"తెగిపోతాండాయి కదరా!" అంది రాములమ్మ చివరికి.

"తెగల్లమ్మా. ఈడ తెగితేనే మేలు. అందుకే ఇంత కష్టం."

"ముడెయ్యనక్కర్లే?"

"అక్కర్లే."

ఆమె గాల్లో ఉన్న చేతిని నెమ్మదిగా దించి కొంగుకు తుడుచుకుంది. మునిచంద్ర మోటారు ఆపాడు. నీళ్లు కుదుటపడ్డాయి, గీతలు మళ్లీ పొడుగ్గా సాగాయి. ఆమె వాటినే చూస్తూ ముందుకు వంగింది. జీవితమంతా తెగకూడదని కాచుకున్న మనిషి మొహంలో పిల్లల అల్లరి ఒకటి కనిపించింది.

"ఊఁ" అంది. "ఇంగోసారి తెంపు, సూస్తాం."